గీట్లు చెరిగిన రూపాయి

1941 మార్చి. వాడరేవు నుంచి చీరాల బజారుకొచ్చిన ఓ ముసలమ్మ షరాబు కొట్టు అరుగు మీద కూర్చుని కొంగుముడి విప్పింది. అన్నీ విక్టోరియా రాణి రూపాయలు. ఉప్పుగాలికి నల్లబడిపోయాయి. నెలాఖరు దాటితే బజారులో చెల్లవని ఊరంతా ఒకటే గోల.

(మనుషులు, మాటలు నేను అల్లినవి. తేదీలు, తూకాలు, చట్టం మాత్రం చరిత్రలోవే.)

షరాబు రాణిగారి మొహం చూడనే లేదు. రూపాయిని రెండు వేళ్ల మధ్య నిలబెట్టి, గోటితో అంచు చుట్టూ గీసుకుంటూ పోయాడు. గరగరమంటూ సాగిన గోరు ఒకచోట జర్రున జారింది.

"ఆకురాయి ఎవరు పట్టిచ్చారమ్మా దీనికి?"

"మా అత్త దాచిన డబ్బయ్యా. మాకు ఆకురాయెక్కడిది?"

చేతులు మారి అరిగిన రూపాయి సంగతి అతనికి కొత్త కాదు. ముందుగా పోయేవి ఎత్తుగా ఉన్న చోట్లు: రాణి బుగ్గ, జుట్టు పాయలు, కిరీటం. అంచు గీట్లూ అరుగుతాయి గానీ చుట్టూ దాదాపు ఒకే తీరున మొద్దుబారతాయి. ఒక పక్క నున్నగా, తక్కిన చోట పదునుగా ఉంటే ఎవరో పొడి రాల్చుకున్నారన్నమాటే. ఇంకో రూపాయికి రాణి తలమీదుగా అంచు చదునైపోయి, టంకం మచ్చ కనబడింది. ఒకప్పుడు ఎవరి మెడలోనో దండకి వేలాడిందది.

ఈ గీట్లు పుట్టిందే కాపలాకి. ఇంగ్లండులో వెండి నాణేల అంచులు కత్తిరించుకుని బతికిన ముఠాలుండేవి. 1696లో పాతవన్నీ వెనక్కి లాగి, యంత్రంతో ముద్రించిన నాణేలు తెచ్చారు. ఆ ఏడే అక్కడి టంకశాల కొలువులో చేరినవాడు న్యూటన్.

అప్పట్లో మన రూపాయి 180 గ్రెయిన్లు, సరిగ్గా తులం. కంసాలి తక్కెట్లో అదే తూకంరాయి కూడా. కాబట్టి గీకిన రూపాయి రెండు రకాలుగా దోచేది. 1906 చట్టం ప్రకారం తూకం 2 శాతానికి మించి తగ్గితే చెల్లేది కాదు. అంటే దాదాపు రెండు గురిగింజల ఎత్తు, అంతే! అంతకు మించి తరిగినదాన్ని సర్కారు ఖజానాలో ముక్కలు చేసే అధికారం కూడా ఉండేది.

ముసలమ్మ మూటలో మూడు తేలిపోయాయి.

అసలీ హడావిడి యుద్ధంతో వచ్చింది. 1940 జూన్‌లో ఫ్రాన్సు పడిపోగానే జనం నోట్లు పారేసి వెండి దాచుకోసాగారు. అవసరానికి మించి కూడబెడితే నేరమన్నారు, రూపాయి నోటు దించారు, అక్టోబరులో విక్టోరియా రూపాయల్ని వెనక్కి పిలిచారు. కొత్త రూపాయి తూకం అదే, వెండి మాత్రం సగం. దొంగనాణేలు పోయకుండా అంచు గీట్ల నడుమ సన్నటి గాడి కూడా తీశారు. సొత్తు తగ్గాక కాపలా పెంచటం సర్కారుకే చెల్లు.

షరాబు వట్టం లెక్కగట్టి ముందు నోటు తీశాడు.

"కాగితం వద్దయ్యా. ఇంట్లో ఎలకలు."

కొత్త రూపాయి ఇచ్చాడు. ఆమె అరుగు రాయి మీద మోగించింది.

"ఇదేందయ్యా, ఇట్టా పలుకుద్దీ?"

"సగమేనమ్మా వెండి."

గీకిన మూడింటినీ ఆమె మళ్లీ ముడేసుకుంది. "మనవరాలికి పట్టీలు చేయిస్తాలే. ఆ కంసాలిని మాత్రం నా కళ్లముందే కరిగించమంటా."