ఆంథొనీ నెస్టీ

ఆంథొనీ నెస్టీ (జననం: 1967 నవంబరు 25) సురినామ్‌కు చెందిన ఈతగాడు, శిక్షకుడు. పుట్టింది ట్రినిడాడ్‌లో, నెలల పసికందుగా ఉండగానే కుటుంబం సురినామ్‌కు చేరింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో స్వర్ణం గెలిచాడు. ఒలింపిక్ ఈతలో వ్యక్తిగత స్వర్ణం సాధించిన తొలి నల్లజాతి పురుషుడు ఆయనే. అప్పటికి దేశ జనాభా సుమారు నాలుగు లక్షలు, ఒలింపిక్ కొలతలున్న ఈతకొలను దేశం మొత్తానికి ఒక్కటే. అందుకే పత్రికలు ఆ గెలుపును అద్భుతమన్నాయి. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది గానీ, గెలుపు ఎలా వచ్చిందో చెప్పదు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పదహారేళ్ల నెస్టీ ఇదే పోటీలో 21వ స్థానంలో నిలిచాడు. ఆ తర్వాత ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లోని బోల్స్ స్కూల్లో గ్రెగ్ ట్రాయ్ దగ్గర శిక్షణకు చేరాడు. 1987లో పాన్ అమెరికన్ క్రీడల్లో స్వర్ణం అందుకున్నాడు. ఏడాది తర్వాత సియోల్‌కు వెళ్లినవాడు అనామకుడేమీ కాదు.

అయినా అది అదృష్టమేనన్న వాదన ఒకటుంది. దాన్ని తీసిపారేయలేం. ఫైనల్లో చివరిదాకా ముందున్నది అమెరికా ఈతగాడు మాట్ బియాండీ. గోడ దగ్గరపడ్డాక అతడి చేతుల విసురు దూరానికి సరిపడలేదు. మరో విసురు వేయకుండా నీటిలో జారుతూ గోడను అందుకోబోయాడు. విసురు సరిగ్గా కుదిరిన నెస్టీ 53.00 సెకన్లలో గోడ తాకాడు, బియాండీ 53.01లో. సగటు వేగంతో లెక్కిస్తే తేడా రెండు సెంటీమీటర్ల లోపే. అయితే బటర్‌ఫ్లైలో రెండు చేతులూ ఒకేసారి గోడను తాకాలి కనుక చివరి విసురును దూరానికి సరిపెట్టుకోవడం ఆ ఈతలో ఒక విద్య, సాధన చేస్తేనే వచ్చేది. పైగా 1991లో పెర్త్ ప్రపంచ పోటీల్లోనూ ఆయనే విజేత. రెండుసార్లు, రెండు ఖండాల్లో కలిసొచ్చేదాన్ని అదృష్టం అనలేం.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటి: తయారుచేసింది అమెరికా అయితే సురినామ్ గొప్పేమిటి? జవాబు అమెరికా అర్హత పోటీల్లోనే ఉంది. ఒక్కో పోటీకి దేశానికి ఇద్దరికే అవకాశం. 1988లో ఈ పోటీలో ప్రపంచ రికార్డు అమెరికా ఈతగాడు పాబ్లో మొరాలెస్‌ది. స్వదేశపు ఎంపికలో మూడో స్థానంలో నిలిచి సియోల్‌కే వెళ్లలేకపోయాడు. అలాంటి వడపోత ఉన్న దేశంలో 1984 నాటి నెస్టీకి చోటే దొరికేది కాదు. పదహారేళ్లకే ఒలింపిక్ నీటిలో దిగే అవకాశం చిన్న దేశపు జెండా ఇచ్చింది, పోటీకి తగిన పదును ఫ్లోరిడా పెట్టింది. రెండిట్లో ఏది లేకపోయినా సియోల్ పతకం లేదు. మొరాలెస్ లేడు కాబట్టే గెలిచాడనేవాళ్లకు 1992 బార్సిలోనా కొంత బలమిస్తుంది: అక్కడ మొరాలెస్‌కు స్వర్ణం, నెస్టీకి కాంస్యం. కానీ ఇద్దరి మధ్య తేడా సెకనులో వందో వంతులు తొమ్మిదే. తర్వాతి కాలంలో ఇదే దారి మళ్లీ కనిపించింది. 2016 రియోలో మైకేల్ ఫెల్ప్స్‌ను ఇదే పోటీలో ఓడించి సింగపూర్‌కు తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన జోసెఫ్ స్కూలింగ్ కూడా బోల్స్ స్కూల్లో చదివినవాడే.

సురినామ్ ఆయన పేరిట తపాలా బిళ్ల, నాణేలు విడుదల చేసింది. రాజధాని పారామరిబోలోని ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టింది. ఆయన మాత్రం ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో శిక్షకుడిగా స్థిరపడి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా పురుషుల ఈత జట్టుకు ప్రధాన శిక్షకుడయ్యాడు. పారిస్ క్రీడలు ముగిసేనాటికి సురినామ్ ఖాతాలో ఉన్న ఒలింపిక్ పతకాలు రెండే, రెండూ నెస్టీవే.