పూజారిణి ఒడిలో తోరా

టారో పత్తాల్లో రెండో అంకె వేసిన బొమ్మ ఒక పూజారిణిది. నలుపు, తెలుపు స్తంభాల మధ్య ఆమె కూర్చుని ఉంటుంది. అవి సొలొమోను ఆలయ స్తంభాలు, యాకీను, బోయజు. ఆమె ఒడిలో, పైవస్త్రం చాటున సగం దాగిన గ్రంథపు చుట్ట మీద తోరా అనే పేరు కనిపిస్తుంది. సినగాగులో తోరా చదివే అధికారం శతాబ్దాల పాటు పురుషులదే. రబ్బీగా నియమితురాలైన మొదటి స్త్రీ రెజీనా జోనాస్‌కి ఆ హోదా దక్కింది 1935లో. 1944లో ఆమెను ఆష్‌విట్జ్‌లో చంపేశారు. మరి 1909 నాటి పత్తాలో స్త్రీ ఒడిలోకి తోరా ఎలా వచ్చింది?

యూదుల ప్రాచీన రహస్యం అంటారు చాలామంది. చరిత్ర అలా చెప్పదు. 15వ శతాబ్దపు ఇటలీలో టారో వట్టి ఆట. 1781లో కూర్ ద జెబెలాన్ దాన్ని ఈజిప్టు జ్ఞానమన్నాడు. అదే సంపుటంలో కోంత్ ద మెల్లె 22 బొమ్మలకీ 22 హీబ్రూ అక్షరాలకీ ముడిపెట్టాడు. 1850ల్లో ఎలిఫాస్ లెవీ ఆ ముడిని కబాలాతో బిగించాడు. అతను క్యాథలిక్ పౌరోహిత్యం చదివి, పేరుని హీబ్రూలోకి మార్చుకున్న ఫ్రెంచివాడు. అక్షరాలతో సృష్టి జరిగిందన్న భావన కబాలాలో నిజంగానే ఉంది. పత్తాలు మాత్రం లేవు.

నిజమైన చుట్టరికం వేరే ఉంది. మన నిర్మల్ నకాషీలు ఒకప్పుడు గంజిఫా పత్తాలు వేసేవారు. యూరప్ పత్తాలకి మూలమైన మమ్లూకుల పత్తాల మీదా ఆ గంజిఫా పేరే ఉంది. ఆటతో, వ్యాపారంతో ప్రయాణించిన ఈ బంధాన్ని ఎవరూ రహస్య జ్ఞానమనలేదు.

ఆ పూజారిణి బొమ్మ గీసింది పమేలా కోల్మన్ స్మిత్. మొత్తం 78 పత్తాలూ ఆమెవే. చాకిరీ పెద్దది, డబ్బు చాలా తక్కువ అని ఆమె ఒక ఉత్తరంలో రాసుకుంది. పత్తాలకి మాత్రం ప్రచురణకర్త రైడర్, రచయిత వెయిట్‌ల పేర్లే స్థిరపడ్డాయి. సగం దాగిన గ్రంథం కంటే నన్ను వెంటాడేది పత్తాల పేరులో చోటు దక్కని ఈ చెయ్యి.

కరీంనగర్‌లో మా వాడకి సోది చెబుతామంటూ వచ్చే ఎరుకల స్త్రీలను చూస్తూ పెరిగాను. బుట్ట, కర్ర, నోటికొచ్చిన దేవతల పేర్లు తప్ప వాళ్ళకి పుస్తకం లేదు. ఎరుక అంటే జ్ఞానమే. అయినా మన సాహిత్య చరిత్రలు వాళ్ళ మాటని వినోదంగానో మూఢనమ్మకంగానో దాటేస్తాయి. మాది అప్పుడు నిజాం ఏలుబడి. పక్కనే మద్రాసు ప్రెసిడెన్సీలో, 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలను నమోదు చేశారు. సోది చెప్పినందుకు కాదు, సంచారజాతి మీద అనుమానంతో. లండన్‌లో పెద్దమనుషులు పత్తాల జోస్యాన్ని ప్రాచీన విద్యగా అచ్చువేస్తున్న కాలమది.

సోదిలో భవిష్యత్తు ఉందని నేను నమ్మను. టారోలోనూ లేదు. ఒకరి ఊహ విద్య కావడానికీ మరొకరి ఎరుక నేరస్థుల జాబితా పక్కన పడి ఉండడానికీ మధ్య ఉన్నది జ్ఞానంలో తేడా కాదు. అచ్చు ఎవరి చేతిలో ఉంది, పేరు ఎవరిది వేశారు అన్నదే. సోది చెప్పే స్త్రీల మాటలు రాసుకునేటప్పుడు పైన మన పేరు ఒక్కటే వేసుకుంటే, ఆ పత్తాల పేరు విషయంలో జరిగిందే మళ్ళీ జరిగినట్టు.