రోములో ఆడని రోమ్ ఒలింపిక్స్

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇండియా ఫుట్‌బాల్ జట్టు రోములో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మొదటి ఆట ఆగస్టు 26న లాక్విలాలో, రెండోది 29న గ్రోసెటోలో, మూడోది సెప్టెంబర్ 1న పెస్కారాలో. లాక్విలా కొండల మధ్య ఊరు. గ్రోసెటో టస్కనీలో పొలాల మధ్య ఊరు. పెస్కారా ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉంటుంది. ఇటలీ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోన్లలో వెనిస్ పడవలుంటాయి, పీసా టవర్ని అరచేత్తో ఆపుతున్న ఫోటో ఉంటుంది. ఈ మూడు ఊళ్ళు మాత్రం ఉండవు. నా ఫోన్లో లాక్విలా ఉంది. అదెందుకుందో చెప్పాలంటే అమ్ముగూడ నుంచి మొదలుపెట్టాలి.

నేనుండేది సైనిక్‌పురిలో. రిటైరైన సైనికాధికారుల కాలనీగా మొదలై ఇప్పుడు కెఫేలతో, బేకరీలతో నిండిపోయిన చోటు. ఇక్కణ్ణుంచి బండి మీద కాసేపు వెళ్తే అమ్ముగూడ వస్తుంది. సికింద్రాబాద్ నుంచి బొల్లారం వైపు వెళ్ళే లైన్లో, రామకృష్ణాపురం దాటాక చిన్న స్టేషన్. 1936లో తులసీదాస్ బలరామ్ పుట్టింది ఈ ఊళ్ళోనే. తమిళ కుటుంబం. కంటోన్మెంట్‌ని ఆనుకుని ఉన్న ఊళ్ళన్నిట్లోనూ ఉన్నట్టే ఇక్కడా పిల్లలకి ఫుట్‌బాల్ పట్టాళాల నుంచి అబ్బింది. క్రికెట్‌కి బ్యాటూ బంతీ వికెట్లూ కావాలి, దీనికి ఒక్క బంతి చాలు. బూట్లు కూడా అక్కర్లేదు, అప్పటికి.

బలరామ్ గురించి రెండు కథలు చెప్తారు. పోలీసుల పాత బూట్ల తోలుతో, ఒక మోచీ దగ్గర రెండు రూపాయలకి తన మొదటి ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్నాడన్నది ఒకటి. రెండోది సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించి. కుర్రాడి ఆట చూసి ప్రాక్టీసుకి రమ్మంటే, అమ్ముగూడ నుంచి సిటీకి రోజూ రావడానికి డబ్బుల్లేవన్నాడట. రహీమ్ రోజుకో రూపాయి ఇచ్చి, సైకిల్ అద్దెకి తీసుకుని రమ్మన్నాడట. ఇలాంటి కథలు చెప్పగా చెప్పగా నునుపుదేలతాయి. అయినా అద్దె సైకిల్ మీద అమ్ముగూడ నుంచి సిటీ దాకా తొక్కడమంటే ఎంత దూరమో రోజూ ఆ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కునే నాకు తెలుసు. ఆ రూపాయి కథ నేను నమ్ముతాను.

రహీమ్ మొదట బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు చేతికందుకున్నాడు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. జాతీయ జట్టుకీ ఆయనే కోచ్. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా ఆయన గురించే. ఆ సినిమా చూసినవాళ్ళకి హెల్సింకీ గుర్తుంటుంది.

అక్కడ నిజంగా జరిగింది సినిమాకన్నా పొడిగా ఉంటుంది. 1952 జూలై 15న, హెల్సింకీలో టోలో ఫుట్‌బాల్ మైదానంలో, ప్రాథమిక రౌండు మ్యాచ్. యుగొస్లావియా 10, ఇండియా 1. జెబెచ్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. మన ఒక్క గోల్ అహ్మద్ ఖాన్‌ది, అదీ ఆఖర్లో. జట్టులో హైదరాబాద్ పోలీస్ ఆటగాళ్ళు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటివాళ్ళున్నారు. చాలామంది ఉత్తికాళ్ళతో ఆడారు. ఆ దెబ్బతోనే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

ఈ స్కోరు చెప్పి నవ్వేవాళ్ళు రెండు సంగతులు చెప్పరు. ఐదు రోజుల తర్వాత అదే యుగొస్లావియా సోవియట్ యూనియన్‌తో 5–5 డ్రా చేసుకుని, మళ్ళీ ఆడి గెలిచింది. ఫైనల్లో పుష్కాష్ ఉన్న హంగరీ చేతిలో ఓడి వెండి పతకంతో ఇంటికెళ్ళింది. అంటే మనల్ని ఓడించింది ఆ ఏడాది ఒలింపిక్స్‌లో రెండో స్థానం తెచ్చుకున్న జట్టు. ఇక రెండోది ఆ ఏడాది క్యాలెండర్ చూస్తే తెలుస్తుంది. హెల్సింకీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం జూలై 19న. పావో నుర్మీ జ్యోతి పట్టుకుని స్టేడియంలోకి పరిగెత్తి వచ్చి జనాన్ని ఉర్రూతలూపింది ఆ రోజే. మన జట్టు ఇంటిదారి పట్టాల్సింది అంతకు నాలుగు రోజుల ముందే ఖాయమైపోయింది. జ్యోతి వెలగకముందే వాళ్ళ ఒలింపిక్స్ అయిపోయింది.

దీనికి ముందు 1948 లండన్‌లోనూ ఇంతే. ఫ్రాన్స్‌తో మ్యాచ్ వెంబ్లీలో జరగలేదు, ఊరి తూర్పు చివర ఇల్‌ఫర్డ్‌లో జరిగింది. రెండు పెనాల్టీలు వదులుకుని 2–1తో ఓడారు. ఉత్తికాళ్ళ ఆటగాళ్ళని చూసి ఇంగ్లిష్ జనం ముచ్చటపడ్డారని మన పుస్తకాలన్నీ రాస్తాయి. ముచ్చటపడటం గెలిచినవాళ్ళ పక్షాన చాలా సులువు.

నేను ఈ మ్యాచ్‌ల వెనక పడ్డది యూరప్‌లో తిరిగే అలవాటు వల్ల. ఆఫీసు పని మీద కొన్ని నెలలు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నప్పుడు శని, ఆదివారాలు చవక బస్సులెక్కి ఊళ్ళు తిరిగేవాణ్ణి. పెద్ద క్లబ్బుల టికెట్లు మనకి దొరకవు, దొరికినా కొనలేం. అందుకని మూడో డివిజన్, నాలుగో డివిజన్ మ్యాచ్‌లు చూసేవాణ్ణి. స్టేడియం ఎప్పుడూ ఊరి చివరుంటుంది. అక్కడికి ట్రాములో వెళ్ళి రావడంతోనే, మ్యూజియం టికెట్ ఇవ్వని ఊరొకటి కంటపడుతుంది. చేతిలో బీరు గ్లాసులతో వచ్చే రిటైరైన ముసలాళ్ళు, కండువాలు అమ్మే బండి, గోల్ పోస్ట్ వెనక గోడ మీద పాత సైకిల్ కంపెనీ ప్రకటన. ఆట బాగోకపోయినా పోయేదేం లేదు. ఈ తిరుగుడుకి మనసులో రహీమ్ జట్టుని కలుపుకోవడం తర్వాత మొదలైంది.

తెలుగులో యాత్ర రాయడమంటే 1830లో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి నుంచీ మనకో మంచి సంప్రదాయం ఉంది. ఆయన ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుందో, బోయీలకి ఎంతిచ్చారో కూడా రాసిపెట్టుకున్నాడు. ఓడల్లో, విమానాల్లో హెల్సింకీ, రోమ్ దాకా వెళ్ళొచ్చిన మన ఆటగాళ్ళ విషయంలో మనకి మిగిలినవి స్కోర్లు. ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, ఆ చలికి ఏం కట్టుకున్నారు అన్నవి స్కోరుబోర్డు మీద ఉండవు. చరిత్రంటే పతకాల పట్టిక అనుకునేవాళ్ళకి ఇదేమీ లోటనిపించకపోవచ్చు. నాకనిపిస్తుంది.

1960 నాటికి బలరామ్‌కి ఇరవై మూడేళ్ళు. 1956 మెల్బోర్న్‌లో ఆడి వచ్చాడు. అక్కడ ఇండియా ఆస్ట్రేలియాని 4–2తో ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్ళి, నాలుగో స్థానంలో నిలిచింది. 1957 నుంచి కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కి ఆడుతున్నాడు. రోమ్ జట్టుకి పీకే బెనర్జీ కెప్టెన్. పీకే, చునీ గోస్వామి, బలరామ్ అని ముగ్గురి పేర్లూ ఒకే ఊపిరిలో పలికే కాలమది. గోల్ దగ్గర హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్. హైదరాబాద్ నుంచే యూసుఫ్ ఖాన్. రహీమ్ కొడుకు హకీమ్ కూడా జట్టుతో వెళ్ళాడు, కానీ తండ్రి అతన్ని ఒక్క మ్యాచ్‌లోనూ దింపలేదు. ఆ ఇంట్లో ఆ తర్వాత భోజనాల దగ్గర మాటలెలా సాగాయో అని నాకెప్పుడూ కుతూహలం.

గ్రూపులు నాలుగు, గ్రూపుకి నాలుగు జట్లు, మొదటి స్థానంలో ఉన్నవాళ్ళే సెమీఫైనల్‌కి. మనకి పడ్డది హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్న గ్రూపు. డ్రా తీసినవాళ్ళకి మన మీద దయ లేదు.

లాక్విలాకి రోము తిబుర్తీనా స్టేషన్ దగ్గర బస్సెక్కాను. రెండు గంటలు పట్టదు. సొరంగాలు దాటుతూ పోతుంటే ఎండ మెల్లగా చల్లబడుతుంది. ఊరు సముద్రమట్టానికి ఏడొందల మీటర్ల ఎత్తులో ఉంటుంది, వెనకాల గ్రాన్ సాస్సో కొండ. 2009 ఏప్రిల్ 6 తెల్లవారుజామున భూకంపం వచ్చి 309 మంది చనిపోయిన ఊరిది. ఇన్నేళ్ళయినా క్రేన్లు కనిపిస్తూనే ఉన్నాయి. ఒక ఇంటికి కొత్త సున్నం, పక్కింటికి ఇనప ఊతలు. ఊళ్ళో వాళ్ళకి రగ్బీ ప్రాణం. పాత మునిసిపల్ స్టేడియానికి టొమాసో ఫత్తోరి అనే రగ్బీ ఆటగాడి పేరు పెట్టుకున్నారు. నేను వెళ్ళిన రోజు గేటు తాళం వేసి ఉంది. ఎదురుగా కాఫీ బార్లో ఆయనకి అరువు తెచ్చుకున్న ఇటాలియన్‌లో 1960, ఇండియా, హంగరీ అని చెప్పాను. ఒలింపిక్స్ మ్యాచ్ జరిగిందని ఆయనకి తెలుసు. ‘ఇండియానా? మీది క్రికెట్ కదా?’ అన్నాడు.

ఆ గేటు వెనకాల ఆగస్టు 26న హంగరీ 2–0తో ముందుంది. ఆ జట్టులో ఇంకా ఇరవై నిండని ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు. ఏడేళ్ళ తర్వాత యూరప్‌లో మేటి ఆటగాడిగా బాలన్ డోర్ అందుకోబోయేవాడు. రెండో సగం ముగింపుకొస్తుండగా అమ్ముగూడ కుర్రాడు గోల్ కొట్టాడు. 2–1. మూడు రోజుల తర్వాత గ్రోసెటోలో పీకే గోల్‌తో ఫ్రాన్స్ మీద ఇండియా ముందుకెళ్ళింది, ఆట ముగియబోతుండగా ఫ్రాన్స్ సమం చేసింది. 1–1. హంగరీ అదే ఫ్రాన్స్‌ని 7–0తో చితక్కొట్టి చివరికి కాంస్యం గెల్చుకుంది. ఎనిమిదేళ్ళ కింద పది గోల్స్ మింగిన దేశం, ఇప్పుడా స్థాయి జట్టుకి ఒక్క గోల్ తేడాలో నిలబడింది. రహీమ్ ఈ మధ్యకాలంలో చేసిందేమిటని అడిగితే నేను 1962 జకార్తా స్వర్ణం కన్నా ముందు ఈ రెండు స్కోర్లే చూపిస్తాను. గ్రూపులో మనది ఆఖరి స్థానం, ఖాతాలో ఒక్క పాయింట్. పట్టిక చూసేవాడికి కనపడేది అదొక్కటే.

రోములో ఆ నెల ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. ఇటలీ వాళ్ళు ఆ ఒలింపిక్స్‌ని శిథిలాల మధ్య నాటకంలా జరిపారు. కుస్తీ పోటీలు మాక్సెంటియస్ బసిలికా కమానుల కింద, జిమ్నాస్టిక్స్ కారకల్లా స్నానశాలల్లో. సెప్టెంబర్ 10 సాయంత్రం ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా ఉత్తికాళ్ళతో మారథాన్ పరిగెత్తి, కాన్‌స్టంటైన్ విజయద్వారం దగ్గర మొదటివాడిగా ముగించాడు. దారిలో ఆక్సుమ్ స్తంభం ఉంది, ముస్సోలినీ సైన్యం అతని దేశం నుంచే ఎత్తుకొచ్చింది. దాన్ని 2005లో గానీ తిరిగి ఇవ్వలేదు. బికిలా ఉత్తికాళ్ళు ఆఫ్రికా గర్వానికి బొమ్మయ్యాయి. హెల్సింకీలో మనవాళ్ళ ఉత్తికాళ్ళు వెనకబాటుకి గుర్తయ్యాయి. కాళ్ళు రెండుచోట్లా ఒకటే, ఫలితాలు వేరు.

అదే రోజు ఫుట్‌బాల్ ఫైనల్ ఫ్లామీనియో స్టేడియంలో జరిగింది, యుగొస్లావియా డెన్మార్క్‌ని 3–1తో ఓడించింది. పియెర్ లూయీజి నెర్వీ కాంక్రీటుతో కట్టిన అందమైన స్టేడియం. చాలా ఏళ్ళుగా వాడకంలో లేక మూతబడి ఉంది. కంచె సందుల్లోంచి చూస్తే మెట్ల మీద మొలిచిన గడ్డి కనిపిస్తుంది. రోముకి వెళ్ళేవాళ్ళు కొలోసియం చూసినంత ఇష్టంగా దీన్నీ చూడొచ్చు, టికెట్ కూడా అక్కర్లేదు. శిథిలం శిథిలమే.

బలరామ్ 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెనయ్యాడు, 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు, అదే ఏడు అర్జున అవార్డు వచ్చింది. మరుసటి ఏడు ఊపిరితిత్తుల జబ్బు చేసి, ఇరవై ఏడేళ్ళకే ఆట మానేశాడు. రహీమ్ ఆ 1963 జూన్‌లోనే కేన్సర్‌తో పోయాడు. బలరామ్ తర్వాత జీవితమంతా బెంగాల్లోనే, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో గడిపి 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో పోయాడు. మర్నాడు పేపర్లలో వచ్చిన వార్తలు ఆయన్ని బెంగాల్ దిగ్గజంగానే రాశాయి. అందులో తప్పులేదు, ఆడించుకున్నది వాళ్ళు, మోసుకున్నది వాళ్ళు. అమ్ముగూడలో నేను తిరిగే దారుల్లో ఆయన పేరు ఎక్కడా చూళ్ళేదు. సాయంత్రాలు అక్కడ ఖాళీ స్థలంలో ఆడుకునే పిల్లల్ని అడిగితే, ఒకడు బలరామ్ అంటే ఏ టీమ్ అన్నా అని తిరిగి అడిగాడు. వాడి చొక్కా వెనక రొనాల్డో పేరుంది.

పెస్కారా సంగతి మిగిలింది. అక్కడ పెరూ చేతిలో 3–1తో ఓడారు. నేనింకా ఆ ఊరు చూళ్ళేదు, లాక్విలా నుంచి సముద్రం వైపు దిగే రోడ్డు మీద ఉంటుంది. స్టేడియం పేరు ఏడ్రియాటికో, ఇప్పటికీ అక్కడ మ్యాచ్‌లు జరుగుతాయి. 1960 సెప్టెంబర్ 1 తర్వాత ఒలింపిక్స్‌లో ఇండియా ఫుట్‌బాల్ జట్టు మళ్ళీ ఆడలేదు.