రంగం వెళ్ళినోళ్ళ రిటైర్మెంటు

మా నాన్న సెంట్రల్ గవర్నమెంటు పెన్షనరు. ఉండేది శ్రీకాకుళంలో. ఏడాదికి రెండుసార్లు, జనవరికీ జూలైకీ లెక్కగట్టి డీఏ పెంచుతారు కదా (పెన్షనర్లకైతే దాన్ని డీఆర్ అనాలి, డీఏ అంటే నాన్న ఊరుకోరు), ఆ ఆర్డరు బయటికొచ్చిన రోజు నాకు ఫోనొస్తుంది. "ఒరే, ఆ కాయితం దించి నాకు పంపించు" అని. నేను దించి పంపిస్తాను. ఎప్పుడూ చదవలేదు. శాతం ఎంతో చూసి మూసెయ్యడమే.

మొన్న బిల్డు నడుస్తోంది, చేతిలో పనేం లేదు, మొత్తం చదివాను. ఈ పెంపు ఎవరెవరికి వర్తిస్తుందో వరసగా ఇస్తారు. సివిల్ పెన్షనర్లు, మిలిటరీ, రైల్వే, ఆలిండియా సర్వీసులు... అలా వెళ్ళి వెళ్ళి చివర్లో ఒక లైను: బర్మా సివిలియన్ పెన్షనర్లు, వాళ్ళ ఫ్యామిలీ పెన్షనర్లు, బర్మా, పాకిస్తాన్‌ల నుంచి కట్టుబట్టలతో వచ్చేసిన ప్రభుత్వ పెన్షనర్ల కుటుంబాలు అని.

బర్మా! మన దేశం నుంచి బర్మాని విడదీసింది 1937 ఏప్రిల్ 1న. అది స్వతంత్రమైంది 1948 జనవరి 4న. 1947లో ఇరవయ్యేళ్ళకి ఉద్యోగంలో చేరినవాడు ఇవాళ ఉంటే వందకి దగ్గర పడి ఉంటాడు. ఆ లైను మాత్రం ఆరు నెలలకోసారి పొల్లుపోకుండా అచ్చవుతోంది. పాత ప్రాజెక్టుల్లో చూస్తుంటాం కదా, ఈ ఫంక్షన్ని ఎవరు పిలుస్తున్నారో తెలీదు, తీసేస్తే ఎక్కడ ఏం పగుల్తుందో తెలీదు, అందుకని ముట్టుకోరు. అచ్చం అలాగే ఉంది.

నాన్నకి ఫోన్ చేసి అడిగాను, మీకు తెలిసి ఎవరైనా ఉన్నారా అని. "మన పెదతాతకి రాలేదురా అది. ఆయనది మిల్లు కదా" అన్నారు. అక్కణ్ణుంచి మొదలైంది ఈ గోలంతా.

దీనికి కొంచెం ముందు ఇంకోటి జరిగింది. నాతోపాటు పనిచేసే బొబ్బిలి మిత్రుడొకడున్నాడు. యాభై దాటగానే ఉద్యోగం మానేసి థాయిలాండ్ వెళ్ళిపోతాడట, చియాంగ్‌మాయ్‌కి. సరదాకి అనడం లేదు, ఎక్సెల్ షీటు వేశాడు. అక్కడి రిటైర్మెంట్ వీసాకి యాభయ్యేళ్ళు నిండాలి. బ్యాంకులో ఎనిమిది లక్షల బాత్‌లు, లేదంటే నెలకి అరవై అయిదు వేల బాత్‌ల ఆదాయం చూపించాలి. తొంభై రోజులకోసారి ఎక్కడుంటున్నామో ఇమిగ్రేషన్‌కి చెప్పుకోవాలి. భూమి మన పేరున కొనడానికి లేదు, కాండో కొనుక్కోవచ్చు. ఇవన్నీ ఒక్కో వరస. ఇన్సూరెన్సుకో వరస, వెన్ను నొప్పికో వరస. "మన జిల్లాల వాళ్ళెవరూ ఇట్లాంటి ఆలోచన చేసుండరు గురూ, నేనే ఫస్టు" అన్నాడు.

నేనూ నిజమే అనుకున్నాను. నాన్నతో ఆ ఫోన్ తర్వాత తెలిసింది, వీడు ఫస్టు కాదు. కనీసం నూటయాభై ఏళ్ళు లేటు.

మా పక్క రంగూన్‌ని రంగం అంటారు. "రంగమెల్లిపోనాడు" అంటే ఇల్లొదిలి సముద్రం దాటేశాడని. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికి రాగానే అక్కడ వరి విపరీతంగా పెంచారు. ఆ వరి పట్టడానికి మిల్లులు, ఓడలకెక్కించడానికి డాకులు, ఊరు ఊడవడానికి, రిక్షాలు లాగడానికి మనుషులు... వీటన్నిటికీ జనం కావాలి. ఇటు చూస్తే గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో 1866లో కరువు, మళ్ళీ 1896-97లో కరువు. (అప్పట్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు విశాఖ జిల్లాలో కలిపారు, 1950లో సొంత జిల్లా అయింది. విజయనగరం జిల్లా అయితే 1979 దాకా లేనే లేదు.) బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖపట్నం... ఈ రేవులన్నిట్లో బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు ఆగేవి. ఓడ దూరంగా సముద్రంలోనే ఉంటుంది, ఒడ్డు నుంచి మసూలా పడవల్లో కెరటాలు దాటించి ఎక్కిస్తారు. ఇప్పుడు కళింగపట్నం వెళ్తే లైట్‌హౌసు, బీచి, పల్లీలు అమ్మేవాళ్ళు. ఇక్కణ్ణుంచి రంగూన్‌కి మనుషులెళ్ళేవాళ్ళంటే పిల్లలు నమ్మరు.

మనకంటే ముందు కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి వెళ్ళారు కాబట్టి బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు పడిపోయింది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ ఊరి జనాభా సుమారు నాలుగు లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులు! బర్మా మొత్తంమీద తెలుగువాళ్ళే లక్షన్నర పైన. మన ఐటీ వాళ్ళు డాలస్ గురించి చెప్పుకునే గొప్పలు ఏపాటివి చెప్పండి.

వాళ్ళకి సంబంధించినంత వరకు అది ఫారిన్ కాదు, అసలు సంగతి అదే. 1937 దాకా బర్మా మన ప్రావిన్సే. వీసా లేదు, పాస్‌పోర్టు లేదు, డెక్కు టిక్కెట్టు చాలు. అదీ చాలామందికి మేస్త్రీ కొనిచ్చేవాడు, ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా వాడి కిందే పని. రంగంలో రూపాయీ మన రూపాయీ ఒకటే, మనియార్డరు కట్టడం విశాఖ నుంచి పలాసకి కట్టినట్టే. ప్రావిన్సు విడిపోయాక కూడా మన రిజర్వు బ్యాంకే బర్మాకీ కేంద్ర బ్యాంకుగా ఉంది. జపాన్ వాళ్ళొచ్చిన 1942 దాకా ఒకసారి, యుద్ధమయ్యాక 1947 దాకా మళ్ళీ. అందుకని ఒక్కొక్కడి ప్లానూ సింపుల్‌గా ఉండేది. పాతికేళ్ళు అక్కడ బస్తాలు మొయ్యడం, డబ్బు ఇంటికి పంపడం, రెండెకరాలు కొనడం, నడుం వంగాక ఊరికొచ్చి అరుగు మీద కూచోవడం. నా మిత్రుడి షీటుకి సరిగ్గా తిరగేసింది. వాడు ఇక్కడ సంపాదించి అక్కడ కూచుందామనుకుంటున్నాడు, అంతే తేడా.

పెదతాత (మా తాత అన్నగారు) 1934 ప్రాంతంలో వెళ్ళాడట. నాలుగేళ్ళ ముందే పెద్ద గొడవయింది అక్కడ. 1930 మే నెలలో రంగూన్ డాకుల్లో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా వాళ్ళని పనిలోకి దించాయి. తీరా రాజీ కుదిరాక వాళ్ళని పొమ్మన్నారు. పోతారా? మే 26న మొదలై మన వాళ్ళని వీధుల్లో వెంటాడి చంపారు. వందమందికి పైగా పోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే. రెండు వైపులా ఉన్నది కూడు లేనివాళ్ళు, మధ్యలో జీతం తగ్గించుకున్నది కంపెనీలు. దీన్ని జాతుల గొడవ అని పుస్తకాల్లో రాస్తారు గానీ నాకైతే అది కూలి రేటు గొడవ. 1938 జూలైలో మళ్ళీ చెలరేగింది. అయినా జనం వెళ్తూనే ఉన్నారు. ఇక్కడ తిండుంటే ఎందుకెళ్తారు?

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. ఓడల్లో చోటు దొరికినవాళ్ళు దొరికారు, మిగతావాళ్ళు నడక. దాదాపు అయిదు లక్షల మంది అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ మీదుగా నడిచొచ్చారని అంచనా. దారిలో పోయినవాళ్ళ లెక్క పదివేల నుంచి యాభైవేల దాకా ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్తారు. అంత తేడా ఉందంటేనే అర్థమవుతోంది, ఎవరూ లెక్కపెట్టలేదని. పెదతాత మణిపూర్ దారిన వచ్చాడు. దాని గురించి మాత్రం ఎప్పుడూ చెప్పేవాడు కాదు. ఎవరైనా అడిగితే "నడిసొచ్చినాం" అనేవాడు. ఒక్క ముక్క.

(అన్నట్టు, నా మిత్రుడు థాయిలాండ్‌లో ఊళ్ళు చూడ్డానికెళ్ళి కాంచనబురిలో క్వాయ్ నది వంతెన దగ్గర ఫోటోలు దిగొచ్చాడు. సినిమాలో తెల్ల సైనికులే కనపడతారు. ఆ రైల్వే లైనుకి జపాన్ వాళ్ళు మలయా తోటల నుంచి తోలుకెళ్ళిన కూలీల్లో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. తెల్లవాళ్ళ కంటే చాలా ఎక్కువమంది చచ్చిపోయారు. తెల్లవాళ్ళకి పేర్లతో సహా సమాధులున్నాయి, ఫోటోల్లో చక్కగా పడ్డాయి.)

ఇంతకీ ఆ నడిచొచ్చినాయన ఊళ్ళో ఉన్నాడా అంటే, లేదు. యుద్ధమయ్యాక మళ్ళీ వెళ్ళాడు. ఈలోగా రూల్సు మారిపోయాయి. 1947లో బర్మా ప్రభుత్వం ఇమిగ్రేషన్ చట్టం తెచ్చింది. పదేళ్ళక్రితం టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళిన ఊరికి ఇప్పుడు పర్మిట్ కావాలి. స్వాతంత్ర్యం వచ్చాక పౌరసత్వం తీసుకుంటావా లేదా అన్నారు. చాలామంది తీసుకోలేదు. చదువు రానివాళ్ళకి ఆ కాయితాలు ఎవరు చెప్తారు? పైగా ఎప్పటికైనా ఊరెళ్ళిపోయేవాళ్ళమే కదా, ఎందుకు అనుకున్నారు. తీసుకోనివాళ్ళందరూ ఫారినర్స్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అనే కార్డు దగ్గర పెట్టుకుని, ఫీజు కట్టి రెన్యూ చేయించుకుంటూ ఉండాలి. హెచ్‌వన్ స్టాంపింగ్ కోసం రాత్రిళ్ళు స్లాట్లు వెతికేవాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే మనకి స్లాటు దొరక్కపోతే వచ్చేయడానికో ఊరుంది. పెదతాతకి అప్పటికి ఏది ఊరో సరిగ్గా తెలీదు.

1962 మార్చిలో నెవిన్ సైన్యం గద్దెనెక్కింది. 1964 మార్చిలో దుకాణాలన్నీ జాతీయం చేసేశారు. అదే ఏడాది మే 17న యాభై, వంద క్యాట్‌ల నోట్లు చెల్లవన్నారు. మనకి 2016 నవంబరులో వచ్చిన తిప్పలు గుర్తున్నాయి కదా, వాళ్ళకి దానికి తోడు ఉద్యోగం లేదు, ఉండటానికి కాయితం లేదు. మన ప్రభుత్వం ఓడలు పంపింది. మద్రాసుకి కొన్ని, విశాఖకి కొన్ని. నగలు, నగదు కొద్దిపాటికి మించి తేనివ్వలేదు. లక్షకు పైగా జనం వచ్చేశారు. వీళ్ళకి మన పేపర్లు పెట్టిన పేరు బర్మా కాందిశీకులు. విశాఖలో బర్మా క్యాంపు అలా వచ్చిందే. ఇప్పటికీ అక్కడ బర్మా నూడుల్సు దొరుకుతాయి, వెల్లుల్లి వేయించి పైన చల్లి నిమ్మకాయ పిండి ఇస్తారు. వైజాగ్ వెళ్తే వదలకండి.

ఇక అక్కడే ఉండిపోయినవాళ్ళ సంగతి. 1982లో కొత్త పౌరసత్వ చట్టం తెచ్చారు. 1823 కంటే ముందు నుంచీ మీ వాళ్ళు ఈ నేల మీద ఉన్నారా అన్నది అందులో ప్రశ్న. 1824లో ఇంగ్లీషువాళ్ళతో మొదటి యుద్ధం వచ్చింది కాబట్టి ఆ గీత. అంటే కోరంగీలెవరూ ఆ గీతకి ఇవతలకి రారు. మౌల్‌మేన్ వైపు ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి, గుళ్ళున్నాయి, పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పుకుంటున్నారు. పుట్టింది అక్కడే, మూడో తరమో నాలుగో తరమో.

మళ్ళీ ఆ డీఆర్ లైను దగ్గరికొస్తే, అది రైల్వేలోనో పోస్టాఫీసులోనో మరో సర్కారు ఆఫీసులోనో పనిచేసినవాళ్ళకి. సర్వీసు రిజిస్టరు ఉన్నవాళ్ళకి. దేశాలు విడిపోయినా, రాజులు మారినా, నోట్లు మూడుసార్లు మారినా ఆ రిజిస్టరులో పేరున్నవాడిని ప్రభుత్వం మర్చిపోలేదు. నిజంగా మెచ్చుకోవాల్సిన విషయం, నేను వెటకారంగా అనట్లేదు. కానీ రంగం వెళ్ళినవాళ్ళలో నూటికి తొంభైమంది మిల్లు, డాకు, రిక్షా. వాళ్ళ పేరు మేస్త్రీ ఖాతాపుస్తకంలో ఉండేది, ఆ పుస్తకం మేస్త్రీతో పోయింది. 1969లో మద్రాసులో బర్మా, సిలోన్ నుంచి వచ్చినవాళ్ళ కోసం రెప్కో బ్యాంకు పెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది, లోన్లిచ్చింది. అది వచ్చాక ఏదో వ్యాపారం పెట్టుకోగలిగే వయసున్నవాళ్ళకి పనికొచ్చింది. యాభై ఏళ్ళకి దగ్గర పడి, వెన్ను పోయి, ఓడ దిగినవాడికి ఏ లోను?

పెదతాత పంపిన డబ్బుతో కొన్న పొలం ఎవరి పేరున ఉందని అడక్కండి. మా ఇంట్లో ఇప్పటికీ ఆ మాటెత్తితే సగంమంది లేచి బయటికెళ్ళిపోతారు. ఆయన మా ఇంటి పంచలోనే ఉండేవాడు. లుంగీ బర్మావాళ్ళలా ముందు ముడేసి కట్టేవాడు. చేపల పులుసులో సేమ్యా వేసి తినేవాడు, మాకు నవ్వు. ఇరవై ఆరేళ్ళు అక్కడుండి వచ్చినాయన, అది నూడుల్సుకి బదులని మాకెవరు చెప్పారు?

1994లో పోయాడు. అప్పటికి నాకు పధ్నాలుగేళ్ళు. ఆఖరి వారం తెలుగు మర్చిపోయాడు. డాక్టరు అలా జరుగుతుందన్నారు. కళ్ళు మూసుకుని "యే... యే..." అనేవాడు. మా నాయనమ్మ వంగి "ఏటి బావా? ఏటి కావాల?" అనేది. ఆయన మళ్ళీ "యే" అనేవాడు. ఈవిడ మళ్ళీ "ఏటి?" అనేది. అలా చాలాసేపు. నేను గుమ్మంలో నించుని చూసేవాణ్ణి.

ఈ మధ్య బర్మా క్యాంపులో నూడుల్సు తింటూ, బండి నడిపే పెద్దావిడని అడిగాను. "యే అంటే నీల్లు బాబూ" అంది.

నా మిత్రుడికి ఇదంతా చెప్పాను. ఆ రోజుకి ఏమీ అనలేదు. మర్నాడు షీటు మళ్ళీ పంపాడు, కింద కొత్త వరసొకటి చేర్చి: థాయి భాష, వారానికి మూడు క్లాసులు. తెలుగు మర్చిపోకుండా ఉండటానికి కూడా వరస పెట్టమన్నాను. దానికి ఎదురుగా ఏం రాయాలో ఇద్దరికీ తోచలేదు, ఖాళీగా ఉంచాం.

నాన్నకి కొత్త డీఆర్ అరియర్సు పడ్డాయట. లెక్కలో నలభై రూపాయలు తేడా ఉందని బ్యాంకుకెళ్ళారు.