పంటి మరక, ఎముక వంకర

హబ్సిగూడ నుండి తార్నాక వైపు సాగితే కొద్దిదూరంలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనగా ఆరంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ ఇది. పంటికీ దేహానికీ గల సంబంధాన్ని ఎరుగగోరే పాఠకులు దీని చరిత్రలో ఒక ఘట్టాన్ని తెలుసుకోవాలి.

నీటిలోని ఫ్లోరైడు వలన వెన్ను, కీళ్లు బిగుసుకుపోవడాన్ని 1937లోనే షార్ట్ తదితరులు నెల్లూరు జిల్లాలో గుర్తించి వర్ణించారు. 1973లో ఈ సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడు పీడిత ప్రాంతంలో మోకాళ్లు లోనికి వంగిపోయే వికృతిని లోకానికి వెల్లడించారు. అట్టి ఊళ్లలో తొలి సాక్ష్యం పిల్లల పలువరుసే: సున్నపు తెలుపు మచ్చలు, గోధుమరంగు చారలు. ఎనిమిదేళ్లలోపు పింగాణీపొర ఏర్పడే వేళ పడిన మరక చెరగదు. అయితే అది కనబడినపుడే త్రాగునీరు మార్చితే ఎముకను కాపాడుకోవచ్చును. ఎముక వంగిన పిదప మందు లేదు.

ఇంతటి సూచికను మన ఆరోగ్య బీమా ఎట్లు చూస్తున్నది? ప్రమాదంలో గాయపడితే తప్ప పంటి చికిత్సను సాధారణ పాలసీలు చాలావరకు మినహాయిస్తాయి. పన్ను అందానికే అన్నట్లు! పొరుగున నాచారం పరిశ్రమలలో ఈఎస్ఐ కార్మికుడు, 1948 నాటి చట్టంతో ఆరంభమైన పథకం పుణ్యమా అని, జీతంలో 0.75 శాతం చెల్లించి దంతవైద్యమూ పొందగలడు. మీ పాలసీలో మినహాయింపుల పుట ఒకమారు తెరచి చూడండి.