పని చూసి ఇచ్చే పట్టా

మా బడిలో చదివే ఒక అమ్మాయి తల్లి ఆసుపత్రిలో ఆయా. ఇరవై ఏళ్ళుగా అదే పని. మంచం పట్టిన మనిషిని పడక పుండ్లు పడకుండా ఎలా ఒత్తిగిలించాలో, మింగడం కష్టమైన ముసలివారికి గంజి ఎలా తాగించాలో ఆమెకు కొట్టిన పిండి. ఒకసారి బడి ఫారం నింపుతూ, తల్లి విద్యార్హత అన్న గడి దగ్గర ఆ పిల్ల ఆగిపోయింది. "సార్, మా అమ్మకు ఏమీ రాదని రాయమంటారా?" అని అడిగింది. "చదువుకోలేదని రాయమ్మా, ఏమీ రాదని రాయకు" అన్నాను. అన్నానే గాని, ఆ తల్లికి వచ్చినదాన్ని రాయడానికి ఆ ఫారంలో గడే లేదు.

పని వచ్చు, పట్టా లేదు. ఈ చిక్కు మన దేశానిదే అనుకుంటాం. కాని ఆసుపత్రుల్లో, వృద్ధుల హోముల్లో పనిచేసే లక్షలాది మంది విషయంలో ఇంగ్లండు కూడా ఇదే చిక్కును ఎదుర్కొంది. దాన్ని విప్పడానికి అక్కడ చేసిన ప్రయత్నమే ఈనాటి నా ప్రసంగ విషయం.

కథ 1986లో మొదలవుతుంది. అప్పటికి ఇంగ్లండు, వేల్సులలో వృత్తి పరీక్షలు పెట్టే సంస్థలు అనేకం. ఏ సర్టిఫికెట్టు దేనితో సమానమో యజమానులకూ తెలియదు, పనివారికీ తెలియదు. ఆస్కార్ డివిల్ అధ్యక్షతన ఏర్పడిన బృందం ఈ గందరగోళాన్ని పరిశీలించింది. దాని సిఫారసు మేరకు అదే ఏడాది వృత్తి విద్యార్హతల జాతీయ మండలి ఏర్పడింది. ఆ మండలి ఆమోదించిన పట్టాలకే నేషనల్ వొకేషనల్ క్వాలిఫికేషన్లు, క్లుప్తంగా ఎన్.వి.క్యు.లు అని పేరు. మొదట నాలుగు మెట్లు, తరువాత అయిదు మెట్లు.

సరిగ్గా అదే సమయంలో నర్సుల చదువులోనూ పెద్ద మార్పు వచ్చింది. అంతవరకు నర్సింగు విద్యార్థినులు వార్డులో సిబ్బందితో సమానంగా పనిచేస్తూనే చదువుకునేవారు. 1986లో ప్రతిపాదించి 1989 నుంచి అమలుచేసిన 'ప్రాజెక్ట్ 2000' పథకం వారిని ముందుగా విద్యార్థులుగానే చూడాలన్నది. వార్డు పనివారి లెక్కలోంచి వారిని తీసివేసింది. రెండేళ్ళ చదువుతో వచ్చే ఎన్‌రోల్డ్ నర్సుల శిక్షణకూ క్రమంగా స్వస్తి చెప్పింది. నర్సుల చదువుకు అది మేలే. కాని రోగికి స్నానం చేయించే పని, అన్నం తినిపించే పని ఎక్కడికి పోతుంది? అది ఎక్కువగా హెల్త్ కేర్ అసిస్టెంట్ల చేతికి వచ్చింది. వీరిలో చాలామందికి వృత్తి పట్టా అంటూ ఏదీ లేదు. 1990ల ఆరంభంలో సంరక్షణ రంగానికి ఎన్.వి.క్యు.లు వచ్చింది వీరి కోసమే.

ఈ పట్టా ఎలా ఇస్తారు? ఉపాధ్యాయుణ్ణి కనుక నాకు తెలిసిన పోలిక చెబుతాను. బి.ఎడ్. చదివే రోజుల్లో మేము ప్రాక్టీసు పాఠాలు చెప్పేవాళ్ళం. పరిశీలకులు వెనుక బెంచీలో కూర్చుని చూసేవారు. నల్లబల్ల మీద రాత మొదలు, మాట్లాడని పిల్లవాణ్ణి పలకరించామా లేదా అన్నంత వరకు రాసుకునేవారు. ఎన్.వి.క్యు. కూడా కొంతవరకు అలాంటిదే. ఉద్యోగం మానుకొని కాలేజీకి పోనక్కరలేదు, హాల్ టికెట్టు లేదు, మూడు గంటల పరీక్ష లేదు. అసెసర్ అనే పరిశీలకుడు పనిచేసే చోటికే వస్తాడు.

ఒక ముసలాయనకు అన్నం తినిపించడమే తీసుకుందాం. చేతులు కడుక్కున్నావా? ఆయన్ను నిటారుగా కూర్చోబెట్టావా? ఏమి తింటారని ముందుగా అడిగావా? ముద్ద ముద్దకీ వ్యవధి ఇచ్చావా? తిన్నది ఎంతో రాసిపెట్టావా? ఇవన్నీ అసెసర్ చూస్తాడు. తరువాత 'ఎందుకిలా చేశావు?' అని అడుగుతాడు. ఆ రుజువులన్నీ ఒక ఫైలులో చేరతాయి. ఒక్కొక్క యూనిట్టు పూర్తిచేసుకుంటూ పోవచ్చు. తప్పినవారికి ఫెయిల్ అన్న ముద్ర ఉండదు. 'ఇంకా సామర్థ్యం రాలేదు' అంటారు, అంతే. చిన్నప్పుడే బడి మానేసి, పరీక్ష అంటే వణికే నడివయసు స్త్రీలకు ఈ పద్ధతి ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో మీరే ఊహించండి.

విమర్శలూ వచ్చాయి. 1993లో అలన్ స్మిదర్స్ అనే ఆచార్యుడు ఈ పద్ధతి చేతి పనినే చూస్తున్నదనీ, దాని వెనుక ఉండవలసిన జ్ఞానాన్ని చిన్నచూపు చూస్తున్నదనీ గట్టిగా విమర్శించాడు. 1996లో వంద ఎన్.వి.క్యు.లను సమీక్షించిన బోమాంట్ నివేదిక, వాటి భాష సామాన్యులకు కొరుకుడు పడడం లేదన్నది. పని తెలిసిన మనిషికి ఆ పనిని గురించి రాసిన కాగితం అర్థం కాకపోతే, తప్పు కాగితానిదే.

పార్లమెంటు 2000లో సంరక్షణ ప్రమాణాల చట్టం చేసింది. దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం వృద్ధుల హోముల్లో సంరక్షణ సిబ్బందిలో 50 శాతం మంది 2005 నాటికి రెండవ మెట్టు ఎన్.వి.క్యు. గాని, దానికి సమానమైనది గాని పొంది ఉండాలి. చీపురుతో, బేసినుతో చేసే పనికి కూడా అర్హత ఉంటుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. కాని ఆ పట్టాకు తగ్గ జీతం ఇంత అని చెప్పే జాతీయ స్కేలు ప్రైవేటు హోముల్లో లేకపోయింది. 2010లో పాత నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి. వాటిలో ఆ 50 శాతం లెక్క లేదు. 2011లో ఎన్.వి.క్యు.ల స్థానంలో డిప్లొమాలు వచ్చాయి. పని చూసి పట్టా ఇచ్చే పద్ధతి మాత్రం నిలిచింది.

ఇక బాధాకరమైన ఘట్టం. స్టాఫర్డ్ ఆసుపత్రిలో 2005 నుంచి 2009 వరకు రోగులు పడిన పాట్లపై రాబర్ట్ ఫ్రాన్సిస్ విచారణ నివేదిక 2013 ఫిబ్రవరిలో వెలువడింది. దాహం వేసినా నీళ్ళు అందనివారు, మైలపడిన పక్కల మీదే గంటల తరబడి పడి ఉన్నవారు అందులో ఉన్నారు. సిబ్బంది కొరత, లెక్కల మీదే దృష్టి పెట్టిన పాలన అందుకు ప్రధాన కారణాలు. ఆ వెంటనే కమిల్లా కావెండిష్ సహాయక సిబ్బంది స్థితిగతులను సమీక్షించింది. సుమారు 13 లక్షల మంది ఈ పనిలో ఉన్నారనీ, వారందరికీ వర్తించే కనీస శిక్షణ లేదనీ తేల్చింది. ఫలితంగా 2015 ఏప్రిల్‌లో 15 ప్రమాణాలతో కేర్ సర్టిఫికెట్ వచ్చింది. కొత్తగా చేరినవారు తొలి వారాల్లోనే పూర్తిచేయవలసినది ఇది. దీనిలోనూ ఒక లోపం. ఒక యజమాని దగ్గర సంపాదించిన కాగితాన్ని మరొక యజమాని నమ్మక, మళ్ళీ మొదటి నుంచి చేయించడం జరిగేది.

ఈ చరిత్ర మనకెందుకు? 2013 డిసెంబరులో మన దేశం కూడా జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని ప్రకటించింది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ముందే వచ్చిన పనిని గుర్తించి పట్టా ఇచ్చే ఏర్పాటు ఉంచారు. ఆసుపత్రి సహాయకులు, ఇంటి వద్ద రోగులను చూసుకునేవారు కూడా ఈ చట్రంలో ఉన్నారు. మంచిదే. అయితే ఇంగ్లండు అనుభవం మూడు ప్రశ్నలు అడగమంటోంది. పనిని నిజంగా దగ్గర నిలబడి చూసినవారెవరు? ఆ కాగితాన్ని రెండవ ఆసుపత్రి నమ్ముతుందా? నమ్మి, జీతం పెంచుతుందా? ఈ మూడింటికీ జవాబు లేకపోతే పట్టా గోడకు వేలాడే పటమే అవుతుంది.

రెండు భాషల మధ్య తరతరాలుగా బతుకుతున్న మనకు ఇది అర్థం కాని బాధ కాదు. ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడే మన పిల్లల్లో తెలుగులో మార్కుల కాగితం ఉన్నవారెందరు? కాగితం లేదని ఆ తెలుగు అబద్ధమవుతుందా? కాదు. కాని కాగితం లేనిదే ఉద్యోగం ఇచ్చేవాడు లెక్కలోకి తీసుకోడు. అందుకే కాగితమూ కావాలి, దాని వెనుక నిజమూ ఉండాలి.

ఆ ఫారం సంగతి చెప్పడం మరిచాను. విద్యార్హత గడిలో ఆ పిల్ల ఒక గీత గీసింది. పక్కన తల్లి వృత్తి అన్నచోట 'ఆయా' అని రాసి, కొట్టివేసి, 'రోగుల సంరక్షణ, ఇరవై ఏళ్ళు' అని దిద్దింది. నేను చెప్పలేదు, తానే రాసింది.