గోదావరిలో పాతాళగరిగె

మా కొత్తవాడలో బావుల కాలం చూసినవాళ్ళకు పాతాళగరిగె అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. చేద తాడు తెగి బావిలో పడితే చాలు, ఎవరింట్లో పాతాళగరిగె ఉందా అని పిల్లలం వాడంతా పరిగెత్తేవాళ్ళం. ఇనుప కొక్కేల గుత్తి అది. తాడు కట్టి అడుగున తిప్పితే చేదతో పాటు ఎప్పుడో పడ్డ చెంబులు కూడా పైకొచ్చేవి.

2019 సెప్టెంబరులో ఆ మాట మళ్ళీ విన్నాను. పక్కింటి అవ్వ, జంపఖానాలు నేసిన చేతులావిడవి, టీవీ ముందు కూర్చుని, "గా పడవ ఎక్కడున్నదో తెలిసిందట గదా బిడ్డా! మరి పాతాళగరిగె ఏసి గుంజరాదా?" అంది. నాకు నవ్వు రాలేదు. నవ్వే రోజులు కావవి.

ఆ నెల 15వ తేదీ ఆదివారం, గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి పాపికొండలు చూడబోయిన రాయల్ వశిష్ఠ పడవ కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అందులో 77 మంది. మన కాజీపేట పక్కనున్న కడిపికొండ వాళ్ళే 14 మంది. వాళ్ళలో 9 మంది ఇల్లు చేరలేదు. తూటుగుంట ఊరివాళ్ళు, ఎవరూ పిలవకుండానే, సొంత పడవలేసుకుని వరదలోకి పోయి 26 మందిని ఒడ్డుకు చేర్చారు. వాళ్ళే లేకపోతే ఆ లెక్క ఎంతకు పోయేదో.

ఇంతకీ అవ్వ ప్రశ్న. చోటు తెలిశాక తీయడానికేం?

మనిషి నీళ్ళడుగుకు పోవాలనుకోవడం ఇవాళ్టి ముచ్చట కాదు. తోకచుక్కతో పేరు ముడిపడ్డ హేలీ ఉన్నాడే, ఆయన 1691లో పెద్ద గంటలాంటి పాత్రను నీళ్ళలోకి దించి దానికింద కూర్చున్నాడు. ఖాళీ చెంబు బోర్లించి నీళ్ళ తొట్టిలో నొక్కండి, లోపల గాలి అలాగే ఉంటుంది గదా, అదే కిటుకు. గాలి తరిగితే పీపాల్లో పంపేవారు. 1830ల్లో లండన్‌లో ఆగస్టస్ సీబ్ అనే ఆయన రాగి శిరస్త్రాణంతో ఉడుపు కుట్టాడు. పైనున్నవాళ్ళు పంపు కొడుతుంటే కిందివాడు ఊపిరి పీల్చుకోవాలి. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యా అనే ఇద్దరు గాలిని సీసాలో దట్టించి వీపుకు కట్టుకునే ఉపాయం కనిపెట్టారు. అప్పటితో మనిషి చేపలా తిరగడం నేర్చాడు.

అయితే నది వేరు. కెనడా, అమెరికాల మధ్య పారే సెయింట్ లారెన్స్ నదిలో మునిగిన పాత ఓడల్ని చూడటానికి సరదాగా దిగేవాళ్ళున్నారు. సముద్రంలో కొయ్యను తొలిచే పురుగు మంచినీళ్ళలో బతకదు. అందుకని అక్కడ పాత చెక్క ఓడలు కూడా చాలాకాలం చెక్కు చెదరవు. కానీ ప్రవాహం ఊరుకోదు. నీటి వేగం రెట్టింపైతే అది మనిషిని తోసే బలం నాలుగింతలవుతుంది. తాడు పట్టుకుని దిగాలి, ఓడ చాటుకు చేరి ఊపిరి తీసుకోవాలి. చెయ్యి జారితే అంతే సంగతులు.

కచ్చులూరు దగ్గర గోదావరి కొండల మధ్య ఇరుకైపోతుంది. పారకానికి సుడులు తిరుగుతాయి. 1964లో ఉదయభాస్కర్ అనే లాంచీ మునిగిందీ అక్కడే. రాయల్ వశిష్ఠ మునిగిననాడు నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద. నీళ్ళు చిక్కటి టీ రంగు. పడవ రెండు వందల అడుగులకు పైగా లోతున ఉందని సోనార్ యంత్రాలు చెప్పాయి. అంత లోతున ఒంటిమీద పడే ఒత్తిడి పైనున్న దానికి ఏడింతలు. గాలిలోని నత్రజని రక్తంలో కరిగిపోతుంది. గబుక్కున పైకొస్తే మూత తీసిన గోలీసోడాలా నురుగులు కక్కి ప్రాణం తీస్తుంది. నేవీ వాళ్ళు వచ్చారు, విపత్తు దళాల వాళ్ళు వచ్చారు. ఆ వరదలో అంత లోతుకు మనిషిని దింపడం మాత్రం కుదరలేదు.

చివరికి కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చింది. వాళ్ళు చేసిందేమిటనుకున్నారు? ఇనుప తాడుకు లంగర్లు కట్టి నది అడుగున ఈడ్చారు. అంటే అచ్చంగా అవ్వ చెప్పిన పాతాళగరిగే! ఒకసారి తాడు తెగింది. ఇంకోసారి పడవ రెయిలింగు మాత్రం ఊడి వచ్చింది. వరద పెరిగితే ఆపి, తగ్గితే మళ్ళీ మొదలుపెట్టారు. ఈడ్చి ఈడ్చి పడవను లోతు తక్కువ చోటికి తెచ్చాక, విశాఖపట్నం డైవర్లు ఆ బురదనీళ్ళలోకి దిగి, కళ్ళతో కాక చేతులతో తడుముకుని, ఇసుకలో కూరుకున్న పడవకు తాళ్ళు బిగించారు. కొక్కెం చేసే పని కొంతే. ముడి వేయడానికి మనిషి చెయ్యే కావాల్సి వచ్చింది. అక్టోబరు 22న, 38వ రోజున, పడవ ఒడ్డుకొచ్చింది.

పోయినవాళ్ళు ఎలాగూ రారు, ఇంత శ్రమ, ఇంత ఖర్చు ఎందుకు అన్నవాళ్ళూ లేకపోలేదు. మనిషి పోయాడని తెలిసి, కళ్ళతో చూడక, పదోరోజు చేయాలో వద్దో తెలియక, బొట్టు ఉంచుకోవాలో తీయాలో తెలియక గడప మీద కూర్చున్న ఆడదాన్ని ఆ మాట అడగాలి.

ఆ సాయంత్రం అవ్వ మళ్ళీ అడిగింది, "దొరికిన్రా బిడ్డా?" అని. "పడవలో ఇంకొందరు దొరికారవ్వా. అందరూ కాదు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దొరికినోళ్ళ ఇండ్లల్ల ఇగ దీపం పెట్టుకుంటరు తియ్యి" అని లేచి వెళ్ళిపోయింది.

ఉక్కగా ఉందని చాలామంది ఆ రోజు లైఫ్ జాకెట్లు విప్పేశారని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. మీరెప్పుడైనా పడవెక్కితే, చీర నలిగినా సరే, చెమట పోసినా సరే, పిల్లలకు తొడిగి మీరూ తొడుక్కోండి. ఒడ్డు చేరిందాకా విప్పకండి.